పక్షవాతం తర్వాత బిగుసుకుపోయిన చేతికి షాక్‌వేవ్ చేయించాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి 61 ఏళ్ళు. ఎనిమిది నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. నడక చాలావరకు వచ్చింది గానీ, కుడి చెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుపోతోంది, వేళ్ళు పిడికిలిలా బిగుసుకుంటున్నాయి. దగ్గర్లోని ఒక సెంటర్‌లో షాక్‌వేవ్ రోజుకొకటి చొప్పున పది సిట్టింగులు చేయిస్తే చెయ్యి మామూలైపోతుందని ప్యాకేజీ చెప్పారు. చేయించాలా? ఈ వయసులో ఆయన షాక్ తట్టుకోగలరా?

నేను ఫిజియోథెరపిస్టుని. పదిహేడేళ్ళుగా ఎక్కువగా చూసేది స్ట్రోక్ వచ్చినవాళ్ళనే. షాక్‌వేవ్ మిషన్ నా దగ్గర ఆరేళ్ళుగా ఉంది. అంటే అప్పు చేసి మిషన్ కొన్నవాడు చెబుతున్న మాట ఇది, ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవండి.

షాక్‌వేవ్ బిగుతును తగ్గిస్తుంది, అదీ కొన్ని వారాల పాటు. పోయిన కదలికను మాత్రం అది తెచ్చిపెట్టదు. బిగుతు తగ్గిన ఆ వారాల్లో చేతితో పని చేయించగలిగితే డబ్బుకి ఫలితం ఉంటుంది. లేకపోతే నెలా రెండు నెలలకి చెయ్యి మళ్ళీ మొదటికొస్తుంది. ‘మామూలైపోతుంది’ అన్న మాట నమ్మకండి. రోజుకొకటి చొప్పున పది అన్న లెక్క కూడా నాకు అర్థం కాలేదు, దాని గురించి కింద చెబుతాను.

ముందు ఆ షాక్ సంగతి. పేరు విని చాలామంది కరెంటు షాక్ అనుకుంటారు. కరెంటు చేతిలోకి పోదు. మా క్లినిక్కుల్లో ఎక్కువగా కనిపించేది రేడియల్ రకం మిషన్. కంప్రెసర్ గాలి బలంతో హ్యాండిల్ లోపలున్న చిన్న లోహపు ముక్క ముందుకు దూసుకొచ్చి చివర ఉన్న మూతను కొడుతుంది. ఆ దెబ్బ జెల్ రాసిన చర్మం మీదుగా కండలోకి అలలా వెళ్తుంది. టకటకమని ఒకటే చప్పుడు. మొదటిసారి పెట్టినప్పుడు ఒక మామ్మగారు, ‘ఏంటి నాయనా, నా చేతికి మేకు కొడతావా ఏంటి’ అన్నారు. రెండో నిమిషానికి ఆవిడే కునుకు తీశారు. స్ట్రోక్ చేతికి వాడే బలం తక్కువే, మత్తు అక్కర్లేదు, తర్వాత కాస్త ఎరుపో, చిన్న కమిలినట్టో ఉండొచ్చు. ఇంకో రకం ఫోకస్డ్ మిషన్, దాని అలలు ఇంకా లోతుకి వెళ్తాయి, ఖరీదు కూడా ఎక్కువ. ముంజేతి కండలు పైపైనే ఉంటాయి కాబట్టి మీ నాన్నగారికి ఏది దొరికినా పెద్ద తేడా పడదు.

ఈ పద్ధతి పుట్టింది చేతుల కోసం కాదు, కిడ్నీలో రాళ్ళ కోసం. 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి ఒక మనిషి కిడ్నీ రాయిని కోత లేకుండా బయటినుంచే అలలతో పగలగొట్టారు. తర్వాత అది మడమ నొప్పికి, మోచేతి నొప్పికి వచ్చింది. స్ట్రోక్ చేతి దగ్గర అందరూ చెప్పుకునేది 2005లో ఇటలీలోని వెరోనాలో మంగనొట్టి, అమేలియో అనే ఇద్దరు చేసిన పరిశోధన. ఇరవై మంది పేషెంట్లు. ముందు ఉత్తుత్తి సిట్టింగ్ ఒకటి, తర్వాత అసలుది ఒక్కటి. ముంజేతి కండలకి 1500 దెబ్బలు, అరచేతిలోని చిన్న కండలకి 3200. ఉత్తుత్తిదానికి రాని మార్పు అసలుదానికి వచ్చింది. మణికట్టు, వేళ్ళు వదులయ్యాయి, కొందరిలో అది 12 వారాల దాకా నిలిచింది. ఆ తర్వాత తైవాన్‌లో అరవై మంది మీద చేసినదాంట్లో, వారానికొకటి చొప్పున మూడు సిట్టింగులు ఇచ్చినవాళ్ళలో ఫలితం ఒక్కటే ఇచ్చినవాళ్ళకన్నా ఎక్కువ కాలం నిలిచింది. ఇవన్నీ ఇరవై, నలభై, అరవై మందితో జరిగిన చిన్న పరిశోధనలే. అయినా బిగుతు తగ్గుతుందన్న విషయంలో చాలావరకు ఒకే మాట చెబుతున్నాయి. చేతితో పని చేసుకోగలగడం దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు తగ్గిపోతుంది.

నా అనుభవం కూడా అదే. బిగుతును మేం 0 (బిగుతు లేదు) నుంచి 4 (కదలనే కదలదు) దాకా కొలుస్తాం, మధ్యలో 1+ అని ఒక వింత మెట్టు కూడా ఉంది. మంచి ఫలితం వస్తే ఒక మెట్టు దిగుతుంది. రెండు దిగిన చేతులు నేను చాలా తక్కువ చూశాను.

ఇక అసలు విషయం. ‘చెయ్యి బిగుసుకుంది’ అని మనం ఒక్క మాటలో అనేదాంట్లో మూడు వేర్వేరు జబ్బులున్నాయి.

ఒకటి నరాల వల్ల వచ్చే బిగుతు, మేం స్పాస్టిసిటీ అంటాం. వదులవమని మెదడు నుంచి కండకి అందాల్సిన మాట అందదు. అందుకే చేతిని గబుక్కున లాగితే అది ఎదురు తన్నినట్టు బిగుస్తుంది. ఆవలించినా, నడిచినా, కోపం వచ్చినా చెయ్యి దానంతటదే పైకి ముడుచుకుంటుంది. రెండోది కండలోనే వచ్చే మార్పు. నెలల తరబడి ముడిచి ఉంచితే కండ పాత తోలులా గట్టిపడుతుంది, సాగే గుణం పోతుంది. మూడోది కీలు, స్నాయువులే కుదించుకుపోవడం, దాన్ని కాంట్రాక్చర్ అంటాం. షాక్‌వేవ్ మొదటి రెండింటి మీద పనిచేస్తుంది, అందులోనూ రెండోదాని మీద ఎక్కువని నా నమ్మకం. ఎలా పనిచేస్తుందన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకోలేదు. మూడోదాని దగ్గర మాత్రం దానికి చేసేదేమీ లేదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. నాన్నగారిని పడుకోబెట్టి, ఆయన కబుర్లలో ఉన్నప్పుడు మోచేతిని అయిదారు సెకన్లు తీసుకుని మెల్లగా చాపండి. తర్వాత అదే చేతిని కాస్త వేగంగా, మొరటుగా కాకుండా, చాపి చూడండి. మెల్లగా చాపితే పూర్తిగా వచ్చి, వేగంగా చాపితే మధ్యలో ఆగితే అది నరాల బిగుతు. ఎంత మెల్లగా చాపినా ఒకే చోట గోడకి తగిలినట్టు ఆగిపోతే అనుమానించాలి. ఇంకో గుర్తు: గాఢనిద్రలో చూడండి. నిద్రలో వేళ్ళు వదులైతే మంచిదే. నిద్రలో కూడా అలాగే ఉంటే కాంట్రాక్చర్ మొదలై ఉండొచ్చు.

ఈ పరీక్ష సరిగ్గా చెయ్యక నేను ఒకసారి తప్పు చేశాను. మిషన్ కొన్న కొత్తలో, రెండున్నరేళ్ళ క్రితం స్ట్రోక్ వచ్చిన ఒక రైతుకి మోచేతికి ఆరు సిట్టింగులు ఇచ్చాను. ఆయన కొడుకు ప్రతిసారీ బండి మీద నలభై కిలోమీటర్లు తీసుకొచ్చేవాడు. ఆరో సిట్టింగ్ తర్వాత కొలిస్తే మొదటి రోజు ఎంత ఉందో అంతే. ఆ మోచేతిలో బిగుతు లేదు, కీలే కుదించుకుపోయింది. మొదటి రోజు ఇంకో రెండు నిమిషాలు మెల్లగా చాపి చూసి ఉంటే తెలిసేది. చివరి మూడింటి డబ్బు తిరిగిచ్చేశాను గానీ, వాళ్ళు తిరిగిన దారి తిరిగివ్వలేను కదా.

బాగా ఉపయోగపడిన కేసు కూడా చెబుతాను. యాభై దాటిన ఒకావిడ, స్ట్రోక్ వచ్చి ఏడాది. వేళ్ళలో సొంత కదలిక అస్సలు లేదు. పిడికిలి ఎంత గట్టిగా ఉండేదంటే గోళ్ళు అరచేతిలో దిగి, అక్కడ చర్మం నాని, వాసన వచ్చేది. గోళ్ళు కత్తిరించాలంటే ఇద్దరు పట్టుకోవాలి, ఆవిడ ఏడ్చేవారు. వారానికొకటి చొప్పున మూడు సిట్టింగులు ముంజేతికి, అరచేతికి ఇచ్చాను. నాలుగో వారానికి కోడలు ఒక్కతే చెయ్యి తెరిచి, కడిగి, ఆరబెట్టి, పౌడర్ వెయ్యగలిగింది. చెయ్యి పని చెయ్యడం మొదలుపెట్టిందా? లేదు. కానీ ఆ ఇంట్లో గోళ్ళ కోసం జరిగే యుద్ధం ఆగింది. నా దృష్టిలో అది చిన్న ఫలితం కాదు. అలాంటి లక్ష్యం ముందే మాట్లాడుకుని చేయిస్తే ఎవరికీ నిరాశ ఉండదు.

మీ నాన్నగారి విషయంలో నాకు తెలియాల్సింది ఒకటుంది. మణికట్టును గానీ, ఒకటి రెండు వేళ్ళను గానీ ఆయన సొంతంగా, కాస్తయినా పైకి ఎత్తగలరా? పిడికిలి బిగించగలరా అని అడగడం లేదు, అది దాదాపు అందరికీ వస్తుంది. తెరవడమే కష్టం. కొంచెం తెరవగలిగితే కథ వేరు. అప్పుడు షాక్‌వేవ్‌తో బిగుతు తగ్గించి, ఆ వెంటనే మంచి చేతిని కట్టడి చేసి పడిపోయిన చేతితోనే గంటల తరబడి పనులు చేయించే పద్ధతి, అంటే సీఐఎంటీ, మొదలుపెట్టొచ్చు. స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలల మధ్యలో ఉన్నవాళ్ళ మీద అమెరికాలో దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు, బాగా పనిచేసింది. మీరు ఎనిమిదో నెలలో ఉన్నారు. మొదటి మూడు నెలల్లో వచ్చినంత వేగంగా ఇప్పుడు రాదు గానీ, ఆరు నెలలు దాటితే ఇక రాదన్న మాట నిజం కాదు.

సరే, పది సిట్టింగుల లెక్క. మేం మామూలుగా ఇచ్చేది వారానికొకటి, మొత్తం మూడు నుంచి అయిదు. ఒక్కో కండల గుంపుకి 1500 నుంచి 2000 దెబ్బలు, పది నిమిషాల్లోపు అయిపోతుంది. పరిశోధనలు కూడా దాదాపు ఇదే తీరులో జరిగాయి. రోజూ ఎందుకు పెడుతున్నారని మీరు ఆ సెంటర్‌లో అడగండి. మంచి కారణం చెబితే వినండి. ‘ఎక్కువ పెడితే ఎక్కువ గుణం’ అన్నట్టు మాట్లాడితే లేచి వచ్చెయ్యండి. ఏ కండకి పెడతారు, ఏం కొలుస్తారు, సిట్టింగ్ అయ్యాక వ్యాయామం ఎవరు చేయిస్తారు అని కూడా అడగండి. మిషన్ పెట్టి పది నిమిషాల్లో ఇంటికి పంపేచోట మాత్రం చేయించొద్దు. ఆ తర్వాత వ్యాయామం చేయించే ముప్పావుగంటే అసలు వైద్యం.

ఇప్పుడు జాగ్రత్తలు. ఈ పేరా దాటెయ్యకండి.

స్ట్రోక్ వచ్చినవాళ్ళలో చాలామంది ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మాత్రలు వేసుకుంటారు. వాటితో తక్కువ బలం మీద షాక్‌వేవ్ ఇవ్వొచ్చు, కాస్త ఎక్కువ కములుతుంది. వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి ఇంకా గట్టి మాత్రలు వాడుతుంటే ముందు మీ న్యూరాలజిస్టుని అడగాల్సిందే. షాక్‌వేవ్ కోసమని ఆ మాత్రలు ఒక్క రోజు కూడా సొంతంగా ఆపొద్దు. ఆపితే రెండో స్ట్రోక్ రావచ్చు. చేతికి కమిలిన మచ్చ వస్తే వారంలో పోతుంది. ఇంకా, పేస్‌మేకర్ ఉన్నా, ఆ చేతిలో రక్తం గడ్డ ఉన్నా, పుండు గానీ ఇన్ఫెక్షన్ గానీ ఉన్నా, అక్కడ క్యాన్సర్ ఉన్నా లేదా ఉండేదైనా ముందే చెప్పండి. మెడ మీద, ఛాతీ మీద ఆ హ్యాండిల్ పెట్టనివ్వకండి. కుడి చేతిలో స్పర్శ తగ్గి ఉంటే అదీ చెప్పాలి, నొప్పి తెలియని మనిషి ‘చాలు’ అని చెప్పలేరు కదా.

బిగుతు ఉన్నట్టుండి పెరిగితే దానికి షాక్‌వేవ్ మందు కాదు. ఒకాయన మూడు సిట్టింగులతో హాయిగా ఉన్నవాడు, నెల తిరక్కుండానే చెయ్యి రాయిలా అయిందని ఇంకో మూడు వెయ్యమంటూ వచ్చాడు. మాటల్లో రాత్రిళ్ళు మూత్రం మంట అన్నాడు. డాక్టర్ దగ్గరికి పంపితే యూరిన్ ఇన్ఫెక్షన్. అది తగ్గాక చెయ్యి దానంతటదే వదులైంది. మలబద్ధకం, గోరుచుట్టు, భుజం నొప్పి, ఒంట్లో ఎక్కడ బాధ ఉన్నా పడిపోయిన చెయ్యి ముందు చెబుతుంది.

బిగిసిన కండని కొన్నాళ్ళు సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ గురించి కూడా అడగొచ్చు మీరు. కొన్ని వేళ్ళు, కొన్ని కండలు మాత్రమే బాగా బిగుసుకుంటే నేను మొహమాటం లేకుండా దానికే పంపుతాను. వారంలో మొదలై, నెల దగ్గర గట్టిగా పనిచేసి, మూడు నెలలు అటూ ఇటూ నిలుస్తుంది. పరిశోధనల బలం దానికే ఎక్కువ. ఖరీదూ ఎక్కువే. 2018లో తైవాన్‌లో 42 మందితో రెండింటినీ పోల్చి చూసి, చేతి బిగుతు తగ్గించడంలో షాక్‌వేవ్ బొటాక్స్‌కి తీసిపోలేదన్నారు. 42 మందే కాబట్టి నేను దాన్ని పట్టుకుని ఊరేగను. సూది భయం ఉన్నవాళ్ళకి, బొటాక్స్ ఖర్చు భరించలేనివాళ్ళకి షాక్‌వేవ్ మంచి దారి అనుకుంటాను, అంతే. బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మాత్రలు ఇప్పటికే వేసుకుంటుంటే వాటినీ హఠాత్తుగా ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇంట్లో చెయ్యాల్సింది చాలా ఉంది గానీ, అందరూ తప్పు చేసే నాలుగు సంగతులు చెబుతాను.

చెయ్యి తెరవడానికి వేళ్ళు పట్టి లాగకండి. ముందు మణికట్టును కిందికి వంచండి. అలా వంచగానే వేళ్ళు సగం వాటంతటవే వదులవుతాయి. బొటనవేలిని చివర కాకుండా మొదట్లో, అరచేతి దగ్గర కండతో సహా పట్టుకుని బయటికి తియ్యండి. తర్వాత మిగతా వేళ్ళు ఒక్కొక్కటిగా. వేళ్ళు చాపి ఉంచి, అప్పుడు మెల్లగా మణికట్టును పైకి తీసుకురండి. ఈ ఒక్కటి నేర్పితే సగం ఇళ్ళలో ‘అబ్బా, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే’ అంటారు.

చేతిలో స్మైలీ బంతి పెట్టి నొక్కమనకండి. ప్రతి స్ట్రోక్ ఇంట్లో ఆ పసుపు బంతి ఉంటుంది, ఎవరో ఒక బంధువు తెచ్చి ఇస్తాడు. ఆయనకి ముడవడం రాక కాదు బాధ, తెరవడం రాక. ముడిచే కండకే మళ్ళీ పని చెప్పడం ఎందుకు? బదులుగా టేబుల్ మీద తువ్వాలు మడిచి పెట్టి, దానిమీద కుడి అరచెయ్యి ఆనించి, టేబుల్ తుడిచినట్టు ముందుకు తోయమనండి. ఎడమ చేత్తో సాయం పట్టుకోవచ్చు. రోజుకి ఇరవై సార్లు కాదు, రెండు మూడు వందల సార్లు, విడతలు విడతలుగా. మంచం మీద కూర్చున్నప్పుడు కుడి చెయ్యి పక్కన ఆనించి దానిమీద బరువు వెయ్యమనండి.

తలుపుకి తాడు, కప్పీ కట్టి చెయ్యి పైకి లాగించే వ్యాయామం వద్దు. పడిపోయిన చేతికి దానితో భుజం నొప్పి వచ్చే ప్రమాదం ఎక్కువ. లేపేటప్పుడు చంకలో చెయ్యి వేసి లాగడమూ అంతే. చొక్కా తొడిగేటప్పుడు ముందు కుడి చెయ్యి, విప్పేటప్పుడు చివర కుడి చెయ్యి.

పావురం రక్తం రాయడం గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. దానివల్ల పావురం చస్తుంది, చెయ్యి అలాగే ఉంటుంది.

ఇక ప్యాకేజీకి ఏం చెప్పాలంటే, ఒకేసారి పదికి డబ్బు కట్టొద్దు. మూడు సిట్టింగులకే, వారానికొకటి చొప్పున ఒప్పుకోండి. మొదటి సిట్టింగ్‌కి ముందు రోజు ఇంట్లో మూడు చిన్న వీడియోలు తియ్యండి: మోచెయ్యి మెల్లగా చాపినప్పుడు, వేళ్ళు తెరిచి అరచెయ్యి కడిగేటప్పుడు, ఆయన సొంతంగా చొక్కా తొడుక్కునేటప్పుడు. పక్కన గడియారం కనబడేలా పెట్టండి. మూడో సిట్టింగ్ అయిన వారానికి అవే మూడు మళ్ళీ తియ్యండి. అప్పటికి తేడా లేకపోతే నాలుగోది వద్దు. మణికట్టు, వేళ్ళు సొంతంగా ఎంత లేస్తున్నాయో, నిద్రలో చెయ్యి ఎలా ఉంటోందో చూసి ఇక్కడే రాయండి, మిగతాది దాన్నిబట్టి చెబుతాను.